"మౌనముగా ఉండువారు ధన్యులు" అని ప్రభువు ఎక్కడ చెప్పాడు?

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. మొదట మా సంఘం స్త్రీల కూటం గ్రూపులో, తర్వాత మా వదిన దగ్గర్నుంచి, నిన్న రాత్రి కాలేజీ స్నేహితురాలి నుంచి. "మీ ఆడపిల్లల్ని కాపాడుకోండి" అని మొదలవుతుంది. మార్గరెట్ అట్వుడ్ 1985లో రాసిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' నవల బైబిలు మీద దాడి అట. చదివినా, సిరీస్‌గా చూసినా విశ్వాసం పోతుందట. పంపినవాళ్లందరినీ అడిగాను, ఒక్కరూ ఆ పుస్తకం తెరవలేదు. నేను రెండుసార్లు చదివాను. గిలాదు అనే మతరాజ్యంలో, పిల్లల్ని కనగల ఆడవాళ్లను పెద్దల ఇళ్లకు దాసీలుగా పంపి, ఆ ఇంటి భార్యల కోసం పిల్లల్ని కనిపించే కథ అది.

దాసీల ఎర్రబట్టలు సాతాను గుర్తు అంటారు. కాదు. పారిపోతే దూరం నుంచే కనబడాలని కూడా ఆ ఎరుపు. భార్యలు కట్టే నీలం మరియమ్మ బొమ్మల్లోని నీలం. ఇంతకంటే దీని మీద చెప్పడానికి ఏమీ లేదు.

"క్రైస్తవులందరినీ రాక్షసులుగా చూపించింది" అన్నది రెండో ఆరోపణ. తను మతానికి వ్యతిరేకంగా రాయలేదని, మతాన్ని ముసుగు వేసుకున్న నిరంకుశత్వానికి వ్యతిరేకంగా రాశానని అట్వుడ్ 2017 నాటి ముందుమాటలో చెప్పింది. ఆ మాట నమ్మకపోతే కథే చూడండి. గిలాదు ప్రభుత్వం కాథలిక్ ఫాదర్లను చంపి గోడకు వేలాడదీస్తుంది. బాప్టిస్టులతో యుద్ధం చేస్తుంది. పారిపోయే ఆడవాళ్లను ప్రాణాలకు తెగించి సరిహద్దు దాటించేది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. మరి వీళ్లెవరూ క్రైస్తవులు కారా? బాప్టిస్టులు క్రైస్తవులు కారని, బాప్టిస్టు సంఘాలకు పేరున్న ఒంగోలు వెళ్లి అనమనండి.

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటు దగ్గర. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "స్త్రీలు అణకువగా ఉండాలన్న వాక్యాన్ని ఈ నవల ఎగతాళి చేసింది. మౌనముగా ఉండువారు ధన్యులు అని ప్రభువే సెలవిచ్చాడు."

మత్తయి సువార్త అయిదో అధ్యాయం తీయండి. మూడో వచనం నుంచి పదకొండు దాకా 'ధన్యులు' అన్న మాట తొమ్మిదిసార్లు వస్తుంది. దీనులు, దుఃఖపడువారు, సాత్వికులు, నీతికొరకు ఆకలిదప్పులు గలవారు, కనికరముగలవారు, హృదయశుద్ధిగలవారు, సమాధానపరచువారు, నీతినిమిత్తము హింసింపబడినవారు, చివర ప్రభువు నిమిత్తం నిందలు పడేవారు. మౌనంగా ఉండేవారు ఎక్కడున్నారు?

ఆ వాక్యం ఉన్నది ఆ నవల్లోనే! దాసీలకు శిక్షణ ఇచ్చే చోట, భోజనాల వేళ, కొండమీద ప్రసంగంలోని ఈ ధన్యతలు రికార్డింగు వేసి వినిపిస్తారు. గొంతు మగవాడిది. చదవడం ఆడవాళ్లకు పాపం కాబట్టి, శిక్షణ ఇచ్చే ఆంటీలు కూడా పుస్తకం పట్టకూడదు. వాటి మధ్యలో మౌనంగా ఉండేవారు ధన్యులు అన్న ముక్క వస్తుంది. వింటున్న దాసికి, అంటే కథ చెప్పే ఆమెకు, అది కల్పించారని తెలుసు, కొన్ని ఎగరగొట్టారనీ తెలుసు. సరిచూసుకునే దారే లేదు. సాత్వికులు ధన్యులు అని ఆంటీ ఇంకోచోట చెబుతుంది, వాళ్లు భూలోకమును స్వతంత్రించుకొందురు అన్న సగం మాత్రం నోటివెంట రాదు. కార్ల్ మార్క్స్ మాటను కొంచెం మార్చి, అపొస్తలుల కార్యాల్లో పౌలు చెప్పాడని మూడుసార్లు వల్లె వేయిస్తారు.

అబద్ధపు వాక్యం ఆడవాళ్ల చెవుల్లోకి ఎలా దూరుతుందో చూపించడానికి రాసిన పంక్తి అది. దాన్నే ప్రభువు మాటగా మన గ్రూపులో తిప్పారు. నలభైమంది 'ఆమెన్' పెట్టారు. నలభైమంది ఫోన్లలోనూ బైబిలు ఉంది.

మా అమ్మమ్మకు చదువు రాదు. ఆదివారం మధ్యాహ్నం నన్ను పక్కన కూచోబెట్టుకుని, పొద్దున పాస్టరుగారు చెప్పిన వచనం తీయించేది. "ఏదీ, ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు" అనేది. నా వేలు పక్కన తన వేలూ ఆనించి, ఆ వరస చివరిదాకా జరిపేది. అక్షరం రాని మనిషి సరిచూసుకుంది. నవల్లో యజమాని బైబిలును పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు, పనివాళ్ల చేతికి దొరక్కూడదని. ఆ పుట చదువుతుంటే నాకు అమ్మమ్మ వేలే గుర్తొచ్చింది. ఆ నవల నా విశ్వాసం తీసెయ్యలేదు. అందులో ఆ దాసి రాత్రిపూట పరలోక ప్రార్థన తన మాటల్లో చేసుకుంటుంది. బయట జరుగుతున్నది నీ ఉద్దేశం అని నేను నమ్మను అని దేవుడితోనే అంటుంది. నేను విన్న సాక్ష్యాల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ.

మెసేజ్ చివరి వాక్యం ఒకటుంది: "ఇది చదివినవారు ఆదికాండమును మునుపటిలా చదవలేరు." ఇది నిజం, ఒప్పుకుంటున్నాను.

నవలకు మూలం ఆదికాండం 30. పిల్లలు లేని రాహేలు తన దాసి బిల్హాను భర్త యాకోబుకు ఇస్తుంది. దాను, నఫ్తాలి పుడతారు, పేర్లు కూడా రాహేలే పెడుతుంది. బిల్హా ఒక్క మాటైనా మాట్లాడదు. లూకా సువార్తలో దేవదూత మరియకు సంగతి అంతా చెబుతాడు. ఆమె ఇదెలా జరుగుతుందని అడుగుతుంది, జవాబు విన్నాకే 'ఇదిగో ప్రభువు దాసురాలను' అంటుంది. బిల్హాను ఎవరూ అడగలేదు. సండే స్కూల్లో పదకొండేళ్లుగా యాకోబు పన్నెండుగురు కొడుకుల చార్టు నేనే గీస్తున్నాను. భార్యలు లేయా, రాహేలు పేర్లు పెద్ద అక్షరాల్లో. వాళ్ల దాసీలు బిల్హా, జిల్పా పేర్లు బ్రాకెట్లలో, సన్న పెన్నుతో. ఒకసారి ఒక పాప లేచి "బిల్హా ఒప్పుకుందా టీచర్?" అని అడిగింది. టైమైపోయింది, పాట పాడదాం అన్నాను.