ఎఫెక్ట్స్ లూప్ గారికి, ఆంప్ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని రాసిన ఉత్తరం

మహారాజశ్రీ ఎఫెక్ట్స్ లూప్ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ నేను కులాసా. అక్కడ తమరి రెండు జాకులు, అంటే గిటార్ ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) లోంచి సిగ్నల్‌ను బయటికి పంపే సెండ్, తిరిగి లోపలికి తీసుకునే రిటర్న్, ఉభయులూ కులాసా అని తలుస్తాను. తలచడమే తప్ప చూసి చెప్పే వీల్లేదు. తమరి దర్శనం అంత సులువు కాదు.

గిటార్ తీగ గుచ్చే ఇన్‌పుట్ జాక్ ఆంప్ ముఖాన బొట్టులా ఉంటుంది. గెయిన్, బాస్, ట్రెబుల్ నాబ్‌లు వరసగా నిలబడి పలకరిస్తాయి. తమరు మాత్రం వెనకాల, కరెంటు తీగకూ స్పీకర్ తీగకూ మధ్య, చీకట్లో. ఫోన్ టార్చి పళ్ల మధ్య కరిచి పట్టుకుని, ఆంప్ నెత్తి మీదుగా వంగి, తలకిందులుగా కనబడే అక్షరాల్ని కూడబలుక్కుని, ఇది సెండా, రిటర్నా అని తేల్చుకుని గుచ్చాలి. చాలాసార్లు తప్పే గుచ్చాను. అటుది ఇటు పెట్టానో, తమరు కిక్కురుమనరు. ఆ నిశ్శబ్దంలో డ్రమ్మర్ నా వైపు చూసే చూపు తమరికి తెలియదు, తమరి ముఖం గోడవైపు ఉంటుంది కాబట్టి.

పంపేది ఎవరు, ఎవరికి? సెండ్ నుంచి పెడల్ (కాలితో తొక్కి శబ్దం మార్చే చిన్న పెట్టె) ఇన్‌పుట్‌కి, పెడల్ అవుట్‌పుట్ నుంచి రిటర్న్‌కి. ఈ ముక్క బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది. ఆ పేర్లు ఆంప్ వైపు నిలబడి పెట్టినవి, నేను పెడల్ వైపు నిలబడి చదివాను.

తమరి గొప్పతనం నేను ఎరగనివాణ్ని అనుకోకండి. ఆంప్ అని ఒక్క పేరుతో పిలుస్తాంగానీ అది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ప్రీఆంప్ ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే పీలగొంతును పెంచడం, గెయిన్ తిప్పితే గరగరలాడించడం, బాసూ ట్రెబులూ దిద్దడం దాని పని. వెనకగదిలో పవర్ ఆంప్. స్పీకర్‌ను కదిలించే కండబలం దానిది. ఆ రెండు గదుల నడిమి గోడకు కొట్టిన కంత తమరు. సిగ్నల్ సెండ్‌లోంచి బయటపడి, నా పెడల్స్ చుట్టూ షికారు చేసి, రిటర్న్‌లోంచి ఇల్లు చేరుతుంది.

తమరి పరిచయం లేని రోజుల్లో, ప్రతిధ్వని పుట్టించే డిలే పెడల్‌ను కూడా ఆంప్ ముందే పెట్టేవాణ్ని. గెయిన్ 7 మీద ఉంది. ఒక్క నోట్ కొట్టాను. ప్రతిధ్వని అన్నాక మెల్లగా సన్నగిల్లాలి. నావి సన్నగిల్లలేదు. ప్రీఆంప్ గరగర ఉందే, అదే డిస్టార్షన్, దాని పనే తలలు నరకడం. పొడుగువాళ్లూ పొట్టివాళ్లూ దాని కింద ఒకే ఎత్తు. మూడో ప్రతిధ్వని కూడా అసలు నోటంత గట్టిగా వచ్చి మీద పడింది. ఈలోగా నేను ఇంకో నోట్ కొట్టాను. పాత నోటూ కొత్త నోటూ ఒకేసారి డిస్టార్షన్‌లోకి దూరితే, ఆ రెండింటిలోనూ లేని స్వరాలు లోపలి నుంచి పుట్టుకొస్తాయి. నేను వాయించింది రెండు, వినబడింది సంత. ఇక రివర్బ్, అంటే గదిలో మోగే మోతను తెచ్చిపెట్టే పెడల్. గదిలో ఆంప్ పెట్టాలిగానీ, గదినే తెచ్చి ఆంప్‌లో కుక్కితే గోడ కూలిన చప్పుడు కాక ఏమొస్తుంది?

అప్పుడు మా బాసిస్టు, మనిషి పెద్దగా మాట్లాడడు, "డిలే తీసి లూప్‌లో పెట్టు బాబాయ్" అన్నాడు. పెట్టాను. ముందు గరగర, ఆ తర్వాత ప్రతిధ్వని. కొండకెదురుగా నిలబడి అరిస్తే ఎలా ఉంటుందో అలా, అరుపు దాని చోట, బదులు దాని చోట. ఆ రోజు తమరికి పాదాభివందనం చేశాను. ఎలాగూ మోకాళ్ల మీదే ఉన్నాను.

ఇంకో ఉపకారం కూడా ఉంది. సోలో వచ్చినప్పుడు నా గిటార్ ఎవరికీ వినబడదని, సిగ్నల్‌ను పెంచే బూస్ట్ పెడల్ పెట్టుకున్నాను. ముందు పెట్టి తొక్కితే గరగర పెరిగిందేగానీ శబ్దం పెరగలేదు. నరికే కత్తి కింద ఎంత ఎగిరినా అంతే కదా. అదే పెడల్‌ను తమరి దగ్గర పెట్టి తొక్కితే మొత్తం గొంతు పైకి లేచింది, గరగర ఉన్నంతే ఉంది. ఈ విషయంలో తమరిని మెచ్చుకోనివాడు కృతఘ్నుడు.

భక్తి ముదిరితే ఏమవుతుందో అదే అయింది. లూప్‌లో డిలే బాగుంటే, ఒక్క గొంతును గుంపులా వినిపించే కోరస్ పెడల్ బాగుండదా అన్నాను. బాగుంది. శబ్దాన్ని సుడులు తిప్పే ఫేజర్? సరే, పర్వాలేదు. అయితే ఫజ్, అదే మోటు గరగర పెడల్? ఫజ్‌ను తెచ్చి తమరి ఇంట్లో దించాను. పాతకాలపు ఫజ్‌లకు గిటార్ పికప్ నేరుగా తగలాలి, గిటార్ మీద వాల్యూమ్ కాస్త తగ్గిస్తే ఫజ్ కూడా మెత్తబడాలి, వాటి స్నేహం అలాంటిది. మధ్యలో ప్రీఆంప్‌ను నిలబెడితే ఆ స్నేహం చెడింది. పైగా తమరు పంపే సిగ్నల్ గిటార్ ఇచ్చేంత బక్కది కాదు. లూప్ సిగ్నల్ బలానికి రెండు స్థాయిలు వాడుకలో ఉన్నాయి: +4 డీబీయూ అంటే సుమారు 1.23 వోల్టులు, -10 డీబీవీ అంటే 0.32 వోల్టు, అంటే దాదాపు నాలుగు రెట్ల తేడా. కొన్ని ఆంప్‌లకు ఈ రెంటి మధ్య స్విచ్ ఉంటుంది. నా ఆంప్‌కూ ఉంది. అది ఏ వైపు ఉందో రెండేళ్ల దాకా చూడలేదు. ఎక్కడుందో తెలుసుగా, వెనకాల.

తమరి వంశంలో ప్యారలల్ అనే శాఖ ఒకటుంది, వాళ్ల గురించి ఒక్క మాట. సగం సిగ్నల్‌ను ఇంట్లోనే ఉంచుకుని సగాన్ని బయటికి పంపుతారు, మధ్యలో మిక్స్ నాబ్. అలాంటి లూప్‌లో డిలే పెట్టినప్పుడు పెడల్‌లోంచి అసలు నోట్ రాకుండా, ప్రతిధ్వని మాత్రమే వచ్చేలా సెట్ చేయాలి. లేకపోతే డిజిటల్ పెడల్ ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా తెచ్చిన నోటూ, ఇంట్లో ఉండిపోయిన నోటూ ఢీకొని, గొట్టంలోంచి మాట్లాడినట్టు వినబడుతుంది. స్నేహితుడి ఆంప్ మీద వాయిస్తూ, ఆ గొట్టం సొగసంతా నా కొత్త కోరస్‌దే అనుకుని గంటసేపు మురిసిపోయాను. కోరస్ ఆన్‌లోనే లేదు.

కొన్ని పెడల్స్ ఆంప్ ముందు, కొన్ని లూప్‌లో ఉండేలా నాలుగు తీగలు గుచ్చే ఫోర్ కేబుల్ మెథడ్ అని ఒక దీక్ష ఉంది. అదీ పట్టాను. గిటార్ నుంచి పెడల్స్ అమర్చిన బోర్డుకు ఒకటి, బోర్డు నుంచి ఇన్‌పుట్‌కు ఒకటి, సెండ్ నుంచి బోర్డుకు ఒకటి, బోర్డు నుంచి రిటర్న్‌కు ఒకటి. ఒక్కోటి 5 మీటర్లు, మొత్తం 20 మీటర్ల తీగ. అన్నీ గుచ్చి నిలబడేసరికి మ్‌మ్‌మ్ అని ఒక మూలుగు. బోర్డుకూ ఆంప్‌కూ మధ్య గ్రౌండ్ రెండు దారుల్లో చుట్టుకుంటే కరెంటు లైను మూలుగు దాంట్లో దూరుతుంది. దీనికి లైన్లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మందు. ఆంప్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకేసే వైద్యులు కొందరున్నారు, వాళ్ల మాట వినకండి. ట్యూబులతో (గాజు వాల్వులతో) నడిచే ఆంప్ లోపల 400 వోల్టులు మామూలు సంగతి. మూలుగు పోతుంది నిజమే, ఎవరిదో మూలుగు మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఇన్ని చేశాక తెలిసిన నిజం ఒకటి. గెయిన్ తగ్గించి, ఆంప్‌ను క్లీన్‌గా పెట్టి వాయిస్తే, డిలే ముందున్నా లూప్‌లో ఉన్నా తేడా కనిపెట్టడం కష్టం. గరగర లేనిచోట వరస మారినా ఒకటే. యూ2 గిటారిస్టు ది ఎడ్జ్ తన డిలేలను వోక్స్ ఏసీ30 ఆంప్ ముందే పెట్టాడు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ బిన్సన్ ఎకోరెక్ అనే ప్రతిధ్వని యంత్రాన్ని హైవాట్ ఆంప్ ముందు పెట్టి వాయించాడు. వాళ్లకు తమరితో పనే పడలేదు. పోనీ, పాతకాలపు ఆంప్ పద్ధతిలో వాల్యూమ్ బాగా పెంచి, పవర్ ఆంప్‌లోని ట్యూబులనే గరగరలాడించామా, ఆ గరగర తమరి తర్వాత వస్తుంది. ఎంతో శుభ్రంగా లూప్‌లో దాచుకున్న ప్రతిధ్వనిని వెనకగదిలో ఆ ట్యూబులు పట్టుకుని మళ్లీ నలుపుతాయి. అంటే తమరి రక్షణ ప్రీఆంప్ దాకానే. ఈ షరతు తమరి పైన అచ్చేసిన రెండు మాటల్లో ఎక్కడా లేదు.

ఇంతవరకూ తమరు అన్నాను. ఇక్కడి నుంచి నువ్వు అంటాను, ఎందుకంటే ఆ సాయంత్రం సంగతి ఇంకా మర్చిపోలేదు.

విసుగొచ్చి నిన్ను ఖాళీ చేశాను. నీ దగ్గర ఒక్క తీగా లేదు. గిటార్, ఓవర్‌డ్రైవ్ అనే గరగర పెడల్ ఒకటి, ఆంప్, అంతే. రిహార్సల్ మధ్యలో శబ్దం సగానికి పడిపోయింది. ఆంప్ మీద చెయ్యి వేసి కొడితే వచ్చింది, మళ్లీ పోయింది. గిటార్ కేబుల్ మార్చాను. పెడల్ తీసేశాను. గిటార్ మార్చాను. ట్యూబులు పోయాయని తేల్చుకుని, వాటిని తెప్పించి, మార్పించాను. అయినా అదే తంతు. చివరికి ఆ బాసిస్టే, నీ గుణం బాగా ఎరిగినవాడు, అడిగాడు.

"లూప్‌లో ఏమన్నా పెట్టావా?"

"ఏమీ లేదు."

"అదే రోగం."

జేబులోంచి జానెడు ప్యాచ్ కేబుల్ తీసి, ఒక కొస సెండ్‌లో, రెండో కొస రిటర్న్‌లో గుచ్చాడు. శబ్దం నిండుగా వచ్చింది. సంగతేమిటంటే, నీలో ప్లగ్ లేనప్పుడు సిగ్నల్ రిటర్న్ జాక్ లోపలున్న ఒక చిన్న రేకు మీదుగా దాటుతుంది. ప్లగ్ గుచ్చితే ఆ రేకు పక్కకు జరుగుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ గుచ్చకపోతే దానికి మురికి పట్టి, అంటీ అంటనట్టు కూర్చుంటుంది. వాడితే ఒక బాధ, వాడకపోతే అలక. ట్యూబుల సెట్టు మొత్తం మార్పించింది బియ్యపుగింజంత రేకు అలకకా!

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్గును పదిసార్లు గుచ్చి తీశాను. కుదిరింది. కోపమూ చల్లారింది, మళ్లీ తమరనే అంటాను.

ఇప్పుడు ఏర్పాటు ఇది. తమరి దగ్గర డిలే ఒక్కటే ఉంటుంది, గెయిన్ పెట్టి వాయించే రోజుల్లో. సోలోలున్న రోజున బూస్ట్ చుట్టపుచూపుగా వస్తుంది. ఫజ్ తన ఇంటికి, అంటే గిటార్ పక్కకు, వెళ్లిపోయింది. దీక్ష విరమించాను, 20 మీటర్ల తీగ చుట్ట చుట్టి అటక మీద ఉంది. డిలే తీసిన రోజుల్లో జానెడు కేబుల్ తమరి రెండు జాకుల మధ్య ఉంటుంది. అది బాసిస్టుది, ఇంకా తిరిగివ్వలేదు.

ఇట్లు,
తమరి వెనకాల టార్చి కరిచి పట్టుకున్న
విధేయుడు

తా.క.: తమరి పైన తెల్ల పెయింటుతో సెండ్, రిటర్న్ అని మళ్లీ రాశాను. తలకిందులుగా రాశాను, నేను వంగి చూసినప్పుడు తిన్నగా కనబడాలి కదా.