బెజవాడ జంక్షన్ పద్దు

గుంటూరు నుంచి విజయవాడ వచ్చే బండిలో కూర్చున్నవాళ్లకు కృష్ణా కెనాల్ అంటే బ్రిడ్జి ముందు వచ్చే చిన్న స్టేషన్, అంతే. గుంటూరు లైను, తెనాలి మీదుగా వచ్చే చెన్నై లైను కలిసేది అక్కడేనని చాలామంది పట్టించుకోరు. ఆ రెండు లైన్లూ రెండు కంపెనీలవి అనుకోండి. అప్పుడు ఎవరి పట్టా ఎక్కడ ముగిసింది, ఎవరిది ఎక్కడ మొదలైంది అన్నది డబ్బుల విషయం అవుతుంది. పాత జంక్షన్ మ్యాపులు పుట్టింది ఈ లెక్క తేల్చడానికే.

బ్రిటన్‌లో 1842లో రైల్వే క్లియరింగ్ హౌస్ పెట్టారు. ప్రయాణికుడు ఒకే టికెట్టుతో మూడు కంపెనీల పట్టాల మీద ప్రయాణిస్తే ఆ డబ్బు ఎవరికెంత అన్నది అక్కడి గుమస్తాలు తేల్చేవారు. దానికోసం జంక్షన్ల పటాలు గీశారు. ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు, కలిసే చోటు నుంచి పక్క స్టేషన్‌కు దూరం మైళ్లలో, చైన్లలో. చైన్ అంటే 66 అడుగులు, 80 చైన్లు ఒక మైలు. మన భూముల సర్వేలో చైన్‌మన్ పట్టుకుని తిరిగిన గొలుసు కూడా ఆ కొలత నుంచి వచ్చిందే. ఆ పటాల్లో కొండలుండవు, ఊళ్లుండవు. చూడటానికి బోసిగా ఉంటాయి. నాకు నచ్చేదీ అదే. అలంకారం లేదు కాబట్టి అబద్ధానికీ చోటు తక్కువ. ఒక చిన్న స్టేషన్‌కు రంగుల పోస్టర్‌లో చోటు దొరక్కపోవచ్చు, కానీ డబ్బు పంచే కాగితంలో దాన్ని వదిలేస్తే ఎవరో ఒకరు నష్టపోతారు.

ఆ పద్ధతిలో బెజవాడను గీయాలంటే ఒక్క పటం చాలదు. 1889లో నిజాం రైల్వే సికింద్రాబాద్ వైపు నుంచి బ్రాడ్ గేజ్ (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య ఎడం) మీద ఇక్కడికి చేరింది. దాదాపు అదే కాలంలో సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు నుంచి గుంటూరు మీదుగా మీటర్ గేజ్‌తో కృష్ణ దాకా వచ్చింది. తర్వాత ఈస్ట్ కోస్ట్ రైల్వే. 1899లో మద్రాసు లైను. 1900లో గోదావరి మీద హావ్‌లాక్ వంతెన పూర్తయ్యాక గానీ కలకత్తా దారిలో ఆ నది అడ్డు తొలగలేదు. 1908లో మచిలీపట్నం లైను, మళ్లీ మీటర్ గేజే. 1889 పటంలో పట్టాలు ఆగిపోయే చివరి ఊరు, ఇరవై ఏళ్లు తిరక్కుండానే అన్ని దిక్కుల బండ్లూ కలిసే చోటైంది. ఈ మార్పును ‘బ్రిటిషువాళ్లు రైలు తెచ్చారు’ అని ఒక్క ముక్కలో చెప్పేయడం మనకు అలవాటు. తెచ్చినవాళ్లు ఒకరు కాదు, వాళ్ల అవసరాలూ ఒకటి కాదు.

గేజ్ సంగతి పటంలో సన్నటి తేడాగానే కనిపిస్తుంది. బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ 1,000. నేల మీద ఆ తేడాకు అర్థం వేరు. ఒక గేజ్ వ్యాగన్ ఇంకో గేజ్ మీద నడవదు కాబట్టి, అందులోంచి బస్తా దింపి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. దాన్ని ట్రాన్‌షిప్‌మెంట్ అనేవారు. ఆ బస్తాలు మోసిన భుజాల లెక్క ఏ రంగులోనూ లేదు. జంక్షన్ మ్యాపుల్ని నేనెంత మెచ్చుకున్నా, అవి యజమానుల కాగితాలన్న సంగతి కాదనలేను.

రంగు మారడం కూడా ఒక చరిత్రే. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది. 1951లో సదరన్ రైల్వే వచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే. 2003లో గుంటూరు వేరే డివిజన్ అయింది. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. ప్రతిసారీ పట్టాలు ఉన్నచోటే ఉన్నాయి, పటంలో రంగే మారింది. జోన్ గీత ఎక్కడ పడాలన్న గొడవను మనం సెంటిమెంట్ కోణంలోనే చూస్తాం. ఆదాయం ఎవరి ఖాతాలో పడుతుంది, ఏ లైను ఎవరి కిందికి పోతుంది అన్న పాత గుమస్తా ప్రశ్న అందులో ఇప్పటికీ ఉంది. రైల్వే లెక్కల్లో ఒక జోన్ పరిధి దాటి పోయే ట్రాఫిక్‌ను ఇవాళ్టికీ ‘ఫారిన్’ అనే అంటారు. బెజవాడ నుంచి నాగపూర్ పోయినా ఫారినే!

ఇదంతా ఇప్పుడెందుకంటే, మనకు రైల్వే వారసత్వం అనగానే స్టేషన్ బయట రంగేసి నిలబెట్టిన పాత ఇంజిన్ గుర్తొస్తుంది. దాని ముందు సెల్ఫీ దిగుతాం. మంచిదే. కానీ ఆ ఇంజిన్ ఏ లైను మీద నడిచిందో, ఆ లైనులో ఏ స్టేషన్లు ఉండేవో అక్కడ ఎవరూ చెప్పరు. సత్యనారాయణపురంలో ఒకప్పుడు పట్టాలున్న దారి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే సిటీ బస్సుల కోసం వేసిన దారి. సాయంత్రం అక్కడ నడిచే కుర్రాళ్లకు తాము రైలు దారిలో నడుస్తున్నామని తెలియకపోతే తప్పు వాళ్లది కాదు. పాత యార్డు ప్లాన్లు, లైను పటాలు ఏ సంవత్సరానివో రాసి, స్కాన్ చేసి అందరికీ అందేలా పెట్టాలి. ఇంజిన్‌కు రంగేయడం కంటే ఇది చవకైన పని. రోడ్డు పక్కన ఒక బోర్డు పెట్టి, దాని మీద పాత లైను గీత గీసినా చాలు.

ప్రస్తుతానికి పాత పేర్లను దాచిపెట్టింది రైల్వే కోడ్‌లే. విజయవాడ టికెట్టు మీద బీజెడ్ఏ అని ఉంటుంది, అంటే బెజవాడ. ఏలూరుకు ఈఈ, ఎల్లోర్ అన్న రోజుల గుర్తు. కాకినాడ టౌన్‌కు సీసీటీ, అది కొకనాడా టౌన్. ఊరి పేరు మార్చినవాళ్లు కోడ్ జోలికి పోలేదు.