మూతపడ్డానికైనా ముందు ఉండాలి కదా: మాంచెస్టర్ లివర్‌పూల్ రోడ్ స్టేషన్‌కి శ్రీకాకుళం నుంచి ఉత్తరం

లివర్‌పూల్ రోడ్ స్టేషన్ అన్నగారికి,

అన్నా, నేనెవరో నీకు తెలీదు. మాది శ్రీకాకుళం. ఎవడో ముక్కూమొహం తెలీనివాడు అన్నా అని వరస కలిపేస్తున్నాడేంటి అనుకోకు, ఇంటిపేరు కలిసింది మరి. నువ్వు లివర్‌పూల్ రోడ్డు, మా స్టేషను శ్రీకాకుళం రోడ్డు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు, రైల్వే వాళ్ళు వెనక తగిలించారు, అంతే.

కాకపోతే నువ్వు నిజంగానే లివర్‌పూల్ రోడ్డు అనే వీధిలో ఉన్నావు, తలుపు తీస్తే రోడ్డే. మా శ్రీకాకుళం రోడ్డు మాత్రం ఆమదాలవలసలో ఉంది, ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. అంటే ఆ పేరుకి అసలు అర్థం "ఇక్కడ దిగితే శ్రీకాకుళానికి రోడ్డుంది, ఆ తర్వాత నీ తిప్పలు నువ్వు పడు" అని. మా ఊళ్ళో ఏడు రోడ్ల జంక్షన్ ఒకటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడి ఏడూ లెక్కపెట్టుకుంటారు, ఎనిమిదో రోడ్డు ఆమదాలవలసలో పసుపు బోర్డు మీద ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పరు.

నీ సంగతి నాకెలా తెలిసిందంటే, మా మేనల్లుడు అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. మొన్న ఆదివారం వీడియో కాల్ చేసి "మావయ్యా, చూడు, ప్రపంచంలోనే మొట్టమొదటి స్టేషన్లలో ఇదొకటి, ఎప్పుడో మూసేశారు, ఇప్పుడు మ్యూజియం" అని ఫోను తిప్పి తిప్పి చూపించాడు. పక్కనుంచి మా అమ్మ తొంగి చూసి "మూసీసిన టేసన్ని అంత సుబ్బరంగా ఉంచినారేట్రా, మనకి తెరిసిందే నేదు కదా" అంది. అంతే, ఆ మాటకి కడుపు మండి ఈ ఉత్తరం మొదలెట్టాను.

నీ చరిత్ర చదివాను అన్నా, కుళ్ళుకుంటూనే చదివాను. 1830 సెప్టెంబరు 15న నిన్ను తెరిచారు, లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్‌కి దాదాపు 50 కిలోమీటర్ల లైను, ఒక పెద్ద ఊరి నుంచి ఇంకో పెద్ద ఊరికి టైమ్‌టేబుల్ పెట్టి ఆవిరి ఇంజన్లతో జనాన్ని లాగడం మీతోనే మొదలు. ఓపెనింగ్‌కి ప్రధానమంత్రే వచ్చాడు, డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. దార్లో పార్క్‌సైడ్ దగ్గర ఇంజన్లు నీళ్ళు పట్టుకుంటుంటే బండి దిగొద్దని చెప్పినా వినకుండా చాలామంది దిగారు, అందులో హస్కిసన్ అనే ఎంపీగారు నేరుగా ప్రధాని బోగీ దగ్గరికెళ్ళి మాట కలిపాడు, ఈలోగా పక్క ట్రాక్ మీద రాకెట్ అనే పేరున్న ఇంజన్ వచ్చి గుద్దేసింది, ఆ రాత్రికే పోయాడు పాపం. ప్రధాని కళ్ళలో పడాలంటే ఎంపీలు ట్రాకులేంటి ఏవైనా దాటతారు, అది 1830 నాడే ఉందన్నమాట. డ్యూకు వెనక్కి వెళ్ళిపోదాం అన్నాడు, మాంచెస్టర్లో జనం కాసుకుని ఉన్నారు, రాకపోతే గొడవలైపోతాయని చెప్పి తీసుకొచ్చారు, తీరా వస్తే తిట్లు. 1819లో ఆ ఊళ్ళోనే సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో మీటింగుకొచ్చిన జనం మీదికి సర్కారువాళ్ళు గుర్రాలు తోలించిన పీటర్లూ సంగతి ఆ ఊరు మర్చిపోలేదు మరి. ఆయన బోగీ దిగనే లేదు. మిగతా పెద్దమనుషులు మాత్రం నీ ఎదురుగా ఉన్న గోడౌన్లో శుభ్రంగా భోజనాలు చేశారట. ఎవరు పోయినా ఎవరు తిట్టినా ప్రారంభోత్సవంలో భోజనాల పంక్తి ఆగదు, ఇది చదివాక మీవాళ్ళూ మావాళ్ళేనని కాస్త మనసు కుదుటపడింది.

ఫస్ట్ క్లాసుకి ఒక గుమ్మం, సెకండ్ క్లాసుకి ఇంకో గుమ్మం కట్టించుకున్నావు, టికెట్టు తీసుకుని మేడెక్కితే పైన రైలు. ఫస్ట్ క్లాస్ గుమ్మం మీద ఎండ నీడతో టైము చెప్పే గడియారం ఒకటి. మాంచెస్టర్లో! మా మేనల్లుడు అక్కడికెళ్ళి ఎనిమిది నెలలైంది, ఎండ ఎలా ఉంటుందో ఫొటో పెట్టమని మమ్మల్నే అడుగుతున్నాడు. నీడ గడియారం పెట్టాల్సింది మా అరసవల్లిలో కదా, మార్చిలో ఒకసారి అక్టోబరులో ఒకసారి సూర్యుడి కిరణాలు గుళ్ళోకొచ్చి స్వామి పాదాల మీద పడతాయి, జనం తెల్లారకముందే క్యూ కడతారు. మా ఊరికి చెప్పిన టైముకి వచ్చేది ఆయనొక్కడే.

సరే ఇంత వైభోగం ఎన్నాళ్ళు అని చూస్తే, 1844 మేలో కొత్తగా విక్టోరియా స్టేషన్ కట్టి జనాన్ని అటు పంపేశారు. పధ్నాలుగేళ్ళు కూడా నిండలేదు, రాముడి వనవాసం కన్నా తక్కువ. తర్వాత 1975 దాకా గూడ్సు, ఆ పైన ఒక్క పౌండుకి అమ్మేశారు, 1983లో నీ పుట్టినరోజు చూసుకుని మ్యూజియం చేశారు. 2017లో ఆర్డ్‌సాల్ కార్డ్ అని కొత్త లైను తెరిచారు, దానికోసం మెయిన్ లైనుతో నీకున్న ఆ కాస్త లింకూ తెంపేశారు. అంటే ఇప్పుడు నీకు రైలొచ్చే దారి లేదు. మా ఊరికీ లేదు. కానీ నీకు టూరిస్టులొస్తారు, మాకు ఆటోవాళ్ళొస్తారు.

మా కథ నీ అంత పెద్దది కాదులే. 1893 నుంచి 1896 మధ్య ఈస్ట్ కోస్ట్ లైను వేశారు, బెజవాడ నుంచి కటక్ వైపు. శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉన్న చోటే ఉంది, రైలు మాత్రం ఆమదాలవలస మీదుగా వెళ్ళిపోయింది, పెళ్ళికి పిలవని చుట్టం ఇంటి ముందునుంచి మేళం వెళ్ళినట్టు కూడా కాదు, పక్క ఊళ్ళోంచి వెళ్ళింది. బోర్డు మీద చికాకోల్ రోడ్ అని రాశారు, దొరలకి మా ఊరి పేరు నోరు తిరక్క చేసిన పని. 1950 ఆగస్టు 15న మేం జిల్లా అయ్యాం, స్టేషన్ పేరూ మారింది, కోడు మాత్రం ఇవ్వాళ్టికీ సీ హెచ్ ఈ. టికెట్టు బుక్ చేసిన ప్రతిసారీ ఎవరో తెల్లదొర చెవిలో "చికాకోల్" అన్నట్టుంటుంది.

మరి పర్లాకిమిడి చూడు. మెయిన్ లైను వాళ్ళకీ దూరమే. కానీ వాళ్ళకి రాజున్నాడు, మా జిల్లాలోని నౌపడ నుంచి తన ఊరిదాకా రెండున్నర అడుగుల గేజితో సొంత లైను వేయించుకున్నాడు, 1900లో బండి నడిచింది, ఏడు లక్షల దాకా ఖర్చు. ఇప్పుడది బ్రాడ్‌గేజి కూడా అయింది. మా ఊరికి ఒకప్పుడు నవాబుల తరఫున ఏలే ఫౌజుదార్లు ఉండేవారు, 1641 నాటి జామియా మసీదు ఇంకా ఉంది, వాళ్ళు మాత్రం రైలు పుట్టకముందే వెళ్ళిపోయారు. టైమింగు, అన్నా, టైమింగు.

నీతో నాకు ఇంకో పాత లెక్కుంది. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి మాంచెస్టర్ మిల్లులకి చేరింది నీ మీదుగానే, నీ గోడౌన్లు అందుకే కట్టారు. ఆ మిల్లు గుడ్డ ఓడలెక్కి ఇటొచ్చి మా చేనేతని ఏం చేసిందో నీకు ఎవరూ చెప్పుండరు, మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టే సరుకు కాదది. చికాకోల్ మస్లిన్ అంటే ఒకప్పుడు పెద్ద పేరు. ఇక్కడ పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్న నూలు వడికే ఆడవాళ్ళున్నారు, ఆ ఖద్దరు గాంధీగారికే నచ్చింది. పొందూరుకీ స్టేషన్ ఉంది, దాని పేరు ఉత్త పొందూరే, వెనక తోక లేదు. చేప దవడకున్న విలువ జిల్లా కేంద్రానికి లేదు చూశావా.

పోయిన దసరాకి ఊరికి వస్తూ రాత్రి రెండున్నరకి ఆ బోర్డు కింద దిగాను. నాతోపాటు ఒక కుటుంబం, చెన్నైలో బిల్డింగు పనికెళ్ళి వస్తున్నారు, జనరల్ బోగీలో నలిగిపోయి ఉన్నారు, రెండు బియ్యం సంచుల నిండా బట్టలు, ప్లాస్టిక్ బకెట్లో గిన్నెలు. ఆవిడ భుజం మీద పిల్లాణ్ణి తట్టి "లెగరా, సికాకులం వచ్చీసింది" అంది. వాడు కళ్ళు నులుముకుని అటూ ఇటూ చూసి "మరి వంతెనేదే" అన్నాడు. నాగావళి వంతెన కోసం చూస్తున్నాడు పాపం. "ఇంకా రానేదురా" అంది. వచ్చీసింది, ఇంకా రానేదు. మా స్టేషన్ గురించి ఇంతకన్నా ఎవడూ సరిగ్గా చెప్పలేడు, నేను ఇన్ని పేజీలు రాసినా.

బయట ఆటో. అందరం ఎక్కాం, కదలడు. "ఇంకో ఇద్దర్ని రానీ బావూ" అంటాడు. రెండున్నరకి ఇంకో ఇద్దరు ఎక్కణ్ణుంచి వస్తారయ్యా అంటే "ఎనక బండి ఉంది కదా" అన్నాడు. ఆ వెనక బండి గంటన్నర లేటు. చెన్నై నుంచి ఇక్కడిదాకా పడిన కష్టం ఒక ఎత్తు, ఆ ఆటోలో కదలకుండా కూర్చున్న గంటన్నర ఒకెత్తు. పిల్లాడు నా మోకాలి మీద తల పెట్టి మళ్ళీ పడుకున్నాడు.

అందుకే అడుగుతున్నాను, అక్కడ నీకు వాడకంలో లేనిది ఏదైనా ఉంటే ఇటు పంపు. ఆ రెండో క్లాసు గుమ్మం చాలు. ఏడు రోడ్ల జంక్షన్లో నిలబెట్టుకుంటాం, ముందు తెరుస్తాం, పధ్నాలుగేళ్ళు వాడతాం, తర్వాత కావాలంటే మూసేసి మ్యూజియం చేసుకుంటాం. పౌండు నేనే ఇస్తాను, మేనల్లుడి దగ్గరుంది.

ఉంటానన్నా, రేపు తెల్లారుజామున నాకు బండి ఉంది. ఇందాక ఆటో మాట్లాడదామని వెళ్ళి స్టేషన్‌కి రావాలి అంటే, వాడు బీడీ ఆర్పకుండానే "ఏ టేసను బావూ?" అన్నాడు, మాకేదో పది ఉన్నట్టు.

ఇట్లు,
నీ ఇంటిపేరు తమ్ముడి ఊరివాడు (ఊరికి 13 కిలోమీటర్లు కలుపుకోవాలి)