ఓకే గారి గోత్రం

సంబంధం ఖాయం చేసే ముందు మూడు తరాలు తవ్విపోసే జాతి మనది. అలాంటిది పొద్దున లేచింది మొదలు నోట్లో నానే 'ఓకే' పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కాబట్టి విచారణ మొదలు.

జన్మదినం 1839 మార్చి 23. జన్మస్థలం అమెరికాలోని 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రిక రెండో పేజీ. 'గంటల మోత వ్యతిరేక సంఘం' అనే హాస్యప్రియుల బృందం గురించి సరదాగా రాసిన ముక్కలో ఓ.కె. అని వేసి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో అక్కడి విలేఖరులకు అదొక పిచ్చి. తయారీ రెండు మెట్లు: మాటను కావాలని తప్పుగా రాయాలి, ఆ తప్పుకు పొడి అక్షరాలు కట్టాలి. 'ఆల్'కు ఏ తీసి ఓ, 'కరెక్ట్'కు సీ తీసి కే. మన లెక్కలో 'అంతా సవ్యం'ను 'అంతా శవ్యం' చేసి 'అం.శ.' అనడం లాంటిది. అంటే 'తప్పుల్లేవు' అని చెప్పే మాటలో ఉన్నవి రెండే అక్షరాలు, రెండూ తప్పే!

తోబుట్టువులకు ఆయుష్షు లేదు. 'ఆల్ రైట్'కు పుట్టిన ఓ.డబ్ల్యూ., 'నో యూజ్'కు పుట్టిన కె.వై. ఎప్పుడో గతించాయి. మన ఓకేను బతికించింది ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 1840లో మళ్లీ నిలబడితే అనుచరులు ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' చేసి ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ప్రత్యర్థులు ఊరుకుంటారా? క్యాష్‌ను కేతో రాసి 'ఔట్ ఆఫ్ క్యాష్' అన్నారు. ఎలక్టోరల్ ఓట్లు ప్రత్యర్థి హారిసన్‌కు 234, ఈయనకు 60. గెలిచినాయన ప్రమాణం చేసిన నెలకే పోయాడు. ఓడినాయన ఇంటికెళ్లాడు. నినాదానికి మాత్రం ఢోకా లేదు.

ఇంత పేరొచ్చాక అల్లరి పుట్టుక అంటే పెద్దలకు నామోషీ కదా, గొప్ప తాతల్ని వెతికారు. గ్రీకు 'ఓలా కలా' అన్నారొకరు. అమెరికా ఆదివాసులైన చోక్టా తెగ మాట 'ఓకె' (okeh) అని నమ్మిన అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దస్త్రాల మీద ఆ స్పెల్లింగుతోనే ఆమోదముద్ర వేసేవాడు. ఇంకో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాక అలా రాశాడని మరో కథ. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి, 1963, 64ల్లో వ్యాసాలు రాసి ఈ తాతలందరికీ తిలోదకాలిచ్చాడు. ఆయన గీటురాయి ఒకటే, తేదీతో సహా అచ్చులో చూపించు. ఈ గీటురాయి మన వాట్సాప్ పండితుల మీద వాడితే మిగిలేదెవరు?

తెలుగు గడప తొక్కాక ఓకే హోదా కాస్త తగ్గింది. 'షాట్ ఓకే' అంటే దర్శకుడికి నచ్చిందని. అదే 'సినిమా ఓకే' అంటే మాత్రం, మీరు వెళ్లకపోయినా నష్టం లేదని! పెద్దవాళ్లకైతే 'అండి' తగిలించి 'ఓకే అండి' అనాలి, లేకపోతే పొగరు కింద జమ. ఇప్పుడు కుర్రకారుకు రెండక్షరాలు కూడా బరువై ఓ తీసేసి ఉత్త 'కె' పంపుతున్నారు. 'కరెక్ట్' స్పెల్లింగులో ఎంత వెతికినా దొరకని అక్షరం అది.