మా డ్రైవ్ స్విట్జర్లాండ్‌లో స్థిరపడింది

నిన్న రాత్రి జరిగింది. మంట ఇంకా చల్లారలేదు కాబట్టి చెప్పడంలో వరస తప్పితే మీరే సర్దుకోండి.

ఏడేళ్ళుగా ఒక సినిమా డీవీడీ కోసం వెతుకుతున్నాను. పేరు చెప్పను. చెబితే "అదా, మా అటక మీద రెండున్నాయి" అనేవాడు ఒకడు తప్పకుండా బయల్దేరతాడు, ఆ మాట వినే ఓపిక ఈ వారం నాకు లేదు. అది ఎప్పుడో ఒక్కసారి వేశారు, నిడివి ఎక్కువని రెండు డిస్కుల్లో పెట్టారు, తరవాత హక్కుల గడువు తీరిపోయింది, అవి ఎవరి చేతికి వెళ్ళాయో వాళ్ళకి ఆ సినిమా తమదని గుర్తు కూడా ఉన్నట్టు లేదు, మళ్ళీ వెయ్యలేదు. మొన్న ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కనబడింది. "పూర్తి సెట్, రెండు డిస్కులు, గీతల్లేవు" అని రాశాడు. కొన్నాను, వచ్చింది. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

వచ్చిన పెట్టెని ఎలా పరీక్షించానో చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే ఉంది. కవరు వెన్ను ఎండకి వెలిసిపోయిందా, లోపలి పుస్తకంలో పిన్నులు తుప్పు పట్టాయా, డిస్కుని పట్టుకునే మధ్య పళ్ళు అన్నీ ఉన్నాయా (ఒక పన్ను విరిగినా డిస్కు పెట్టెలో గిలక్కాయలా ఆడుతుంది), డిస్కుని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుంటే చిల్లుల్లోంచి వెలుగు వస్తోందా, అన్నీ చూశాను. కలెక్టరు అనేవాడు పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి లాంటివాడు, పనికొచ్చే ప్రశ్న తప్ప అన్నీ అడుగుతాడు. మొదటి డిస్కు మీద బొమ్మ నీలం రంగులో ఉంది, రెండోదాని మీద ఎరుపు. అక్షరాల తీరు కూడా వేరు. "చూశావా, మొదటి భాగం శాంతం, రెండో భాగం రౌద్రం, ఏం ఆలోచించాడు డిజైన్ చేసినవాడు!" అని మా ఆవిడకి చెప్పాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, నాకైతే ఇక జన్మలో మరపుకి రాదు.

సరే, రాత్రి అందరినీ కూర్చోబెట్టాను. మా ఆవిడ, మా అబ్బాయి, వాళ్ళ మేనమామ, అంటే మా బావమరిది, కంప్యూటర్ల గురించి అన్నీ తెలిసినవాడు, కనీసం ఆ నమ్మకం ఉన్నవాడు. టీవీ కింద ప్లేయర్‌లో డిస్కు పెట్టాను. ఈ ప్రాంతానికి చెల్లదంది.

ఈ ప్రాంతాల గొడవ తెలియని అదృష్టవంతుల కోసం: డీవీడీ కనిపెట్టినవాళ్ళు భూగోళాన్ని ముక్కలు చేసి నంబర్లు వేశారు. అమెరికా, కెనడా ఒకటి. యూరప్‌లో చాలా భాగం, జపాన్, ఈజిప్టు, దక్షిణాఫ్రికా రెండు. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా నాలుగు. ఇలా ఆరు దాకా పంచారు, ఏడు పక్కన పెట్టుకున్నారు, ఎనిమిది విమానాలకీ ఓడలకీ ఇచ్చారు. ఒక నంబరు డిస్కు ఇంకో నంబరు ప్లేయర్‌లో ఆడదు. సినిమా ఒక దేశంలో థియేటర్లకి వెళ్ళకముందే ఇంకో దేశం నుంచి డిస్కు దిగబడకుండా ఈ ఏర్పాటు. ఆ థియేటర్లలో కొన్ని మూతబడ్డాయి, ఆ సినిమా వేసినవాడు మర్చిపోయాడు, తాళం మాత్రం చెక్కుచెదరలేదు. దొంగ డిస్కులకి సాధారణంగా ఏ నంబరూ ఉండదు, ఎక్కడైనా ఆడతాయి. డబ్బు పెట్టి అసలుది కొన్నవాడికే వీసా కావాలి.

నా డిస్కు రెండో ప్రాంతానిది. ప్లేయర్ ఒకటోది. రిమోట్ మీద ఏవో నంబర్లు నొక్కితే ఇలాంటి ప్లేయర్ల తాళం ఊడుతుందని చదివి ఇదివరకే ప్రయత్నించాను, తాళం ఊడలేదు, మెనూ మాత్రం పోర్చుగీసులోకి మారింది, ఇప్పటికీ అలాగే ఉంది, అలవాటైపోయింది. ఇక మిగిలింది లాప్‌టాప్‌కి తగిలించే డీవీడీ డ్రైవ్. ఉచితంగా దొరికే ప్లేయర్ ప్రోగ్రాం ఒకటి ఈ నంబర్లని పట్టించుకోదని మీరు అనబోతున్నారు. నిజమే, చాలా డ్రైవ్‌లలో అది ఆడిస్తుంది. నా డ్రైవ్ ఆ "చాలా"లో లేదు.

పైగా 2000 నుంచి వచ్చిన డ్రైవ్‌లలో ఈ లెక్క కంప్యూటర్‌లో కాదు, డ్రైవ్ పొట్టలోనే ఉంటుంది. ప్రాంతం మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. శిశుపాలుడికి కృష్ణుడు నూరు తప్పులు కాశాడు. మనకి ఐదు. సెట్టింగ్ తెరిచి చూస్తే "మిగిలిన మార్పులు: 1" అని ఉంది.

ఆ నాలుగూ ఏమయ్యాయంటే, ఒకసారి మూడో ప్రాంతం డిస్కు వస్తోందని ముందే ఉత్సాహపడి మార్చేశాను, చూడ్డానికొకటి, తిరిగి ఇంటికి రావడానికొకటి, రెండు పోయాయి. ఇంకోసారి నాలుగుకి మార్చాను, తీరా ఆ డిస్కు అన్ని ప్రాంతాల్లోనూ ఆడేదే, మార్చక్కర్లేకపోయింది, అయినా వెళ్ళినందుకొకటి, వచ్చినందుకొకటి. అప్పుడు తట్టలేదు గానీ నిన్న తట్టింది: ఐదు బేసి సంఖ్య. వెళ్ళిరావడానికి రెండేసి చొప్పున లెక్కేస్తే ఎవడైనా చివరికి పరాయిదేశంలో ఇరుక్కోవాల్సిందే. ఆరు పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది? నాలుగు పెట్టినా బాగుండేది, మర్యాదగా ఇంట్లో పడి ఉండేవాణ్ణి.

"బావా, కొట్టెయ్. ఒకటో నంబరు డిస్కులకి టీవీ కింద ప్లేయర్ ఉంది కదా" అన్నాడు మా బావమరిది. మాట సబబే. కానీ ఆ కిటికీలో ఒక హెచ్చరిక ఉంటుంది, చదివితే చెయ్యి ఆడదు. లెక్క సున్నా అయ్యాక విండోస్ మళ్ళీ వేసుకున్నా మారదు, డ్రైవ్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి పెట్టుకున్నా మారదు అని. అంటే మనం ఏమేం పన్నాగాలు పన్నుతామో ముందే ఊహించి రాశాడు. ఇల్లు రాసిచ్చేటప్పుడు కూడా ఇంత గట్టి షరతులు ఉండవు.

ఇంకో తమాషా ఏమిటంటే అక్కడ నంబరు ఎంచుకోనివ్వడు. దేశం ఎంచుకోవాలి. అక్షరక్రమంలో దేశాల జాబితా పొడుగ్గా ఉంటుంది. రెండో ప్రాంతంలో ఏ దేశం నొక్కినా ఒకటే, తేడా లేదు, లోపల పడేది "2" అనే అంకె మాత్రమే. ఇది నాకు తెలుసు. తెలిసినా చెయ్యి ఆగింది. ఇక జన్మంతా ఉండబోయే దేశం కదా!

"జపాన్ పెట్టు నాన్నా" అన్నాడు మావాడు.

"జపాన్ ఎందుకు, భూకంపాలు. ఫ్రాన్స్ పెట్టు, సినిమా పుట్టిందే అక్కడ" అన్నాడు మేనమామ.

నేను జాబితా కిందికీ పైకీ లాగుతున్నాను. ఐస్‌లాండ్ వచ్చింది. ఇంత చలిలోనా అనిపించి దాటేశాను, డ్రైవ్‌కి చలేస్తుందని! ఈజిప్టు దగ్గర కాసేపు ఆగాను, పాతవాటిని భద్రపరచడంలో వాళ్ళకి పేరుంది, పైగా ఈ వయసు సినిమాలకి మమ్మీల పక్కన చోటు సరిగ్గా సరిపోతుంది. "ఎడారిలో దుమ్ము, లెన్స్‌కి మంచిది కాదు" అన్నాడు బావమరిది, నవ్వకుండా. వాడు కూడా ఇందులో పూర్తిగా దిగిపోయాడు. జర్మనీ అన్నాడు, అక్కడ మెషీన్లు బాగా చూసుకుంటారట. మావాడు అలిగి జపాన్ తప్ప ఇంకేది పెట్టినా సినిమా చూడనన్నాడు. ముగ్గురు మగాళ్ళం, అరచేతి మందం ప్లాస్టిక్ డబ్బాని ఏ దేశంలో కాపురం పెట్టించాలా అని ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. సినిమా కోసం ఏడేళ్ళు ఆగినవాణ్ణి, ఇరవై నిమిషాలు ఒక లెక్కా అని నేను నాకే చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు, ఓకే నొక్కాలంటే భయం.

మా ఆవిడ ఫోన్‌లోంచి తల ఎత్తింది. "మనందరం కూడా వెళ్తున్నామా, అదొక్కటేనా?"

"అదొక్కటే."

"అయితే స్విట్జర్లాండ్ పెట్టండి. ఇంట్లో ఒక్కరన్నా స్విట్జర్లాండ్ చూసినట్టుంటుంది."

స్విట్జర్లాండ్ నొక్కాను. కళ్ళు మూసుకుని ఓకే నొక్కాను. నిజంగా ఒప్పుకుంటున్నావా అని ఇంకోసారి అడిగాడు, దానికీ నొక్కాను. మిగిలిన మార్పులు: 0.

సినిమా ఆడింది. బ్రహ్మాండంగా ఆడింది. ఇది యూరప్ వీడియో పద్ధతి, సెకనుకి 24 ఫ్రేములు ఉండే ఫిల్ముని 25 చొప్పున తిప్పుతారు, అందుకే గొంతులు కాస్త పల్చగా వినబడతాయి, రెండు గంటల సినిమా సుమారు ఐదు నిమిషాలు ముందే అయిపోతుంది అని అందరికీ వివరించాను. మా ఆవిడ "ఇంకా తొందరగా తిప్పే దేశం లేదా, అది పెట్టాల్సింది" అంది. పట్టించుకోలేదు. గంటా ఇరవై నిమిషాలు గడిచాక హీరో తలుపు తీశాడు, అవతల ఎవరున్నారో చూపించకుండా తెర నల్లబడి, రెండో డిస్కు పెట్టమని వచ్చింది. మావాడు కూడా "ఎవరు నాన్నా, ఎవరు?" అన్నాడు. ఏడేళ్ళలో నా సినిమా గురించి ఇంట్లో ఒకరు ఆసక్తిగా అడిగిన మొదటి ప్రశ్న.

రౌద్రం డిస్కు పెట్టాను.

ఈ ప్రాంతానికి చెల్లదు.

తుడిచి పెట్టాను. ఊది పెట్టాను. అప్పుడు, అప్పుడే, ఆ ఎరుపు బొమ్మ కింద అంచున చీమ తలకాయంత భూగోళం కనబడింది. భూతద్దం తెచ్చి చూస్తే దాని మధ్యలో నాలుగు. అమ్మినవాడు రెండు దేశాల్లోని సగం సగం సెట్లని కలిపి ఒక పూర్తి సెట్ చేశాడు. నీలం ఒకచోటిది, ఎరుపు ఇంకోచోటిది. డిజైన్ చేసినవాడు ఏమీ ఆలోచించలేదు. నాలుగో ప్రాంతానికి నేను ఒకసారి ఊరికే వెళ్ళొచ్చానని చెప్పాను కదా. ఏ పనీ లేకుండా.

ఎవరూ మాట్లాడలేదు. బావమరిది మాత్రం డ్రైవ్ చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి, "ఆస్ట్రేలియా పెట్టాల్సింది బావా" అన్నాడు. ఆ సలహా ఇరవై నిమిషాల వాదనలో ఒక్కసారీ రాలేదని మనవి. అయినా అది పెడితే నీలం డిస్కు ఆడేది కాదు, ఆ సంగతి కూడా వాడికి నేనే చెప్పాల్సి వచ్చింది.

కొత్త డ్రైవ్ కొనుక్కుంటే మళ్ళీ ఐదు వస్తాయి, తెలుసు, రాత్రి పదిన్నరకి ఎవడిస్తాడు? మావాడు తలుపు అవతల ఎవరున్నారో నెట్‌లో చదివేసి, నేను వద్దు వద్దంటున్నా పైకే చెప్పేశాడు.

అమ్మినాయనకి రాత్రే మెసేజ్ పెట్టాను, కాస్త పొడుగ్గానే, భూతద్దంలోంచి తీసిన ఫొటో జతచేసి. పొద్దున జవాబొచ్చింది. "రెండు డిస్కులు అన్నాను, రెండూ ఉన్నాయి కదా సార్. గీతలు కూడా లేవు. రేటింగ్ మర్చిపోకండి."

ఇంకా ఇవ్వలేదు. ఒకసారి ఇచ్చాక మార్చుకోనిస్తారా, ఇస్తే ఎన్నిసార్లు అని షరతులు చదువుతున్నాను.