డిశ్చార్జి కాగితంలో ఒకే ఒక్క మాట

కిందటి సంవత్సరం నాకు ల్యాపరోస్కోపీ పద్ధతిలో, అంటే పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి వాటిలోంచి కెమెరా గొట్టం, పరికరాలు పంపి, గర్భసంచి తొలగించారు. మూడో రోజున ఇంటికి పంపుతూ చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, ఏది ఎప్పుడు వేసుకోవాలో, మళ్లీ ఏ తేదీన చూపించుకోవాలో అన్నీ వివరంగా ఉన్నాయి. ఆ తేదీ వచ్చేలోగా నేను ఇంట్లో గడపవలసిన ఆరు వారాల సంగతి మాత్రం చివరి వరుసలో ఒక్క మాటతో తేల్చేశారు: "విశ్రాంతి". నా ఫిర్యాదంతా ఆ ఒక్క మాట మీదనే. మాత్రకు మోతాదు రాసేవారు విశ్రాంతికి ఎందుకు రాయరు? ఇల్లు నడిపే మనిషికి విశ్రాంతి అంటే ఏ పని మానడమో, ఎన్నాళ్లు మానడమో, మానిన పని ఎవరు చేయాలో చెప్పకపోతే ఆ మాట రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

ఇంట్లోవాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. నా పొట్ట మీద ఉన్నవి నాలుగు చిన్న గాట్లు. పలకరించడానికి వచ్చిన మా పిన్ని వాటిని చూసి, తనకు ఆ రోజుల్లో పొట్ట కోసి చేసిన ఆపరేషన్ గుర్తు చేసుకుని, "మీరు అదృష్టవంతులే తల్లీ, ఇంతేనా" అన్నది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ నుంచి కోలుకోవడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. ల్యాపరోస్కోపీ అయినవారు అంతకంటే ముందే మామూలు పనుల్లో పడగలుగుతారు. కానీ పైన గాటు చిన్నదైనంత మాత్రాన లోపల జరిగింది చిన్నదైపోదు. గర్భసంచితో పాటు దాని ముఖద్వారాన్ని కూడా తీసినప్పుడు యోని పైభాగాన్ని దగ్గరికి తెచ్చి కుట్లు వేస్తారు. ఆ కుట్లు ఎవరికీ కనబడవు. బరువెత్తినా, విరేచనానికి ముక్కినా, గట్టిగా దగ్గినా ఆ ఒత్తిడంతా పోయి వాటి మీద పడుతుంది. బయటి చర్మం సంగతే తీసుకున్నా, మూడు వారాలు గడిచేసరికి గాయానికి తిరిగి వచ్చేది మునుపటి బలంలో సుమారు ఐదో వంతు మాత్రమే. సరిగ్గా ఆ సమయానికే నొప్పి తగ్గి, మొహం తేటపడి, చూసేవారికీ మనకూ కూడా అంతా అయిపోయినట్టు అనిపించడం మొదలవుతుంది.

ఇంటికి వచ్చిన మొదటి రాత్రి మంచం మీద నుంచి అలవాటు కొద్దీ నిటారుగా లేవబోయాను. పొట్ట రెండుగా చీలినట్టయింది. ముందు ఒక పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు ముడిచి, కాళ్లు మంచం కిందికి జార్చి, ఆ తరువాత మోచేతి మీద బరువు వేసి లేవాలని, దగ్గు వచ్చేటప్పుడు దిండును పొట్టకు అదిమి పట్టుకోవాలని నాకు ఫోనులో చెప్పింది ఇదే ఆపరేషన్ అయిన ఒక స్నేహితురాలు. రెండో రాత్రి కుడి భుజం పైన పోట్లు మొదలయ్యాయి. ఆపరేషన్ జరిగింది పొట్టకు, నొప్పి వచ్చింది భుజానికి; ఇదేదో గుండెకు సంబంధించిందని ఇంట్లో అందరం హడలిపోయాము. ల్యాపరోస్కోపీ చేసేటప్పుడు పొట్ట ఉబ్బడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపుతారనీ, కొంత మిగిలిపోయి ఊపిరితిత్తుల కింద ఉండే పొరను రేపినప్పుడు ఆ నొప్పి భుజంలో తెలుస్తుందనీ, మెల్లగా నడుస్తూ ఉంటే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందనీ మర్నాడు ఆస్పత్రికి ఫోను చేస్తే నింపాదిగా చెప్పారు. ఆ రెండు వాక్యాలు ముందే కాగితం మీద ఉంటే మాకు ఆ రాత్రి అంత భయం ఉండేది కాదు.

విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడమని అనుకునేవారూ ఉన్నారు. అది మరో ప్రమాదం. ఆపరేషన్ తరువాత మంచానికే అతుక్కుపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే ఇంట్లోనే రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా నడవమంటారు. అంటే నడవాలి, కానీ ఎత్తకూడదు. ఈ తేడాను "విశ్రాంతి" అన్న మాటలోంచి ఎవరు పిండుకోగలరు?

పదిహేనో రోజున నేను చేసిన పని చెబుతాను. ఇంట్లో ఎవరూ లేరు. వాషింగ్ మెషిన్ ఆగిపోయి చాలాసేపయింది, తడి దుప్పట్లు అలాగే ఉంటే వాసన వస్తాయని తీసి బుట్టలో వేసి, ఆ బుట్ట నడుముకు ఆనించుకుని మేడ మెట్లెక్కాను. సాయంత్రానికి ఎర్రగా రక్తం కనిపించింది. పరుగున వెళితే, డాక్టరుగారు పరీక్షించి, అదృష్టం కొద్దీ కుట్లు ఊడలేదని చెప్పి, "బరువులు ఎత్తవద్దని చెప్పలేదా?" అన్నారు. చెప్పారేమో కూడా. కానీ బరువు అంటే నేను బస్తాలూ పెట్టెలూ అనుకున్నాను, తడి దుప్పట్లు అనుకోలేదు. ఆరు వారాల వరకు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని ఆవిడ అప్పుడు చెప్పారు. ఏడాది నిండిన బిడ్డ బరువు దాదాపు అంతకు రెట్టింపు ఉంటుంది. చంటిపిల్లలున్న తల్లికి ఆ లెక్క ఎవరు చెబుతున్నారు?

ఇంకా కొన్ని సంగతులను రాయడానికి కాగితానికే సిగ్గు వేసినట్టుంది. కొన్ని వారాల పాటు లేత ఎరుపు రంగులోనో గోధుమ రంగులోనో కొద్దికొద్దిగా స్రావం కావడం మామూలే; గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, దుర్వాసన వస్తున్నా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, మూత్రం రాకపోయినా, ఒక పిక్క వాచి నొప్పి చేసినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి ఫోను చేయాలి. ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని వస్తే ఫోనుతో సరిపెట్టక వెంటనే అత్యవసర విభాగానికే వెళ్లాలి. భార్యాభర్తల కలయిక కనీసం 6 వారాలు, డాక్టరు పరీక్షించి సరేననేదాకా ఉండకూడదు. ఈ చివరి మాట భర్త ఎదుట వైద్యులు చెప్పవలసినది. దాన్ని ఆపరేషన్ అయిన మనిషి నోటితోనే చెప్పించడం, చెప్పలేకపోతే ఆ కష్టం ఆమెనే పడమనడం నాకు క్షమించరాని నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

నీరసం గురించి కూడా చెప్పాలి. మూడో వారంలో స్నానం చేసి వస్తే చాలు, గంటసేపు పడుకుంటే గాని కళ్లు తెరవలేకపోయేదాన్ని. అది బద్ధకం కాదని నాకు నేనే నచ్చజెప్పుకోవలసి వచ్చింది. అండాశయాలు నాకు ఉంచారు కాబట్టి అంతటితో పోయింది. నెలసరి ఇంకా ఆగని వయసులో రెండూ తీసేసినవారికి హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి, కొద్ది రోజుల్లోనే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. అది వేరే పోస్టుకు సరిపడే విషయం.

పనులు మావారూ అమ్మాయీ చేశారు, కాదనను. కానీ ఆ చేసిన ప్రతి పనికీ ఒక ప్రశ్న నా మంచం దగ్గరికి వచ్చేది. తువ్వాళ్లు ఎక్కడ, కరెంటు బిల్లు కట్టావా, ఈ డబ్బాలో ఉన్నది ఏమిటి. ఒళ్లు పడుకునే ఉంది, ఇల్లు మాత్రం నా తలలోనే తిరుగుతూ ఉండేది. ఒకరోజు లెక్కపెట్టాను, మధ్యాహ్నంలోపు పదిహేడు ప్రశ్నలు.

వచ్చే వారం మా ఆఫీసులో ఒకామెకు ఇదే ఆపరేషన్. ఆమె కోసం వారాలవారీగా ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో ఒక కాగితం రాసి, ముందు మీ డాక్టరుగారికి చూపించి, ఆ తరువాత ఇంట్లో అందరికీ కనబడేచోట అంటించమని చెప్పాను. రాస్తుంటే మా అమ్మాయి వెనక నిలబడి అంతా చదివి, కలం తీసుకుని అడుగున ఒక వరుస చేర్చింది: "ఏది ఎక్కడ ఉందో ఆమెను అడగవద్దు. వెతుక్కోండి."