చుక్క ఆల్బమ్, డీజిల్ ఖర్చు

మా బాబాయి కొడుకు సోలో ఆల్బమ్ తెచ్చాడు. ఇదివరకు చెన్నైలో ఇంకో ముగ్గురు కుర్రాళ్లతో కలిసి బ్యాండ్ నడిపేవాడు. వాళ్లలో ఒకడికి పెళ్లయింది, ఒకడు అమెరికా వెళ్లిపోయాడు, మూడోవాడు గిటారు అమ్మేసి బైకు కొన్నాడు, ఇక మిగిలింది వీడొక్కడే కాబట్టి సోలో. వెనక ఏ కంపెనీ లేదు, మైకు వీడిదే, లాప్‌టాప్ వీడిదే, అప్పు మాత్రం బాబాయిది, దీన్ని ఇండీ సంగీతం అంటారట. అందులోనూ ఎక్స్‌పెరిమెంటల్. అంటే మాటలుండవు, పల్లవి ఉండదు, తాళం ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఆల్బమ్ పేరేంటని అడిగితే ఫోన్లో ఒక చుక్క చూపించాడు. అదే పేరు. "ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చుక్క పెట్టినావా అబ్బయ్యా" అంది పిన్ని.

బయటివాళ్లకంటే ముందు మనవాళ్లు వినాలని వాడి కోరిక. మైపాడు దారిలో వాళ్ల ఊరు, ఒక శనివారం రాత్రి అందరం చేరాం. మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు ఉందని చెప్పబట్టి చేరాం గానీ, ఆల్బమ్ ఒక్కదానికే అయితే ఎంతమంది వచ్చేవాళ్లో నేను చెప్పలేను. నెల్లూరు నుంచి పెదనాన్న వచ్చాడు. ఈయన రిటైరైన తెలుగు మాస్టారు, రోజూ పొద్దున తిప్పరాజువారి వీధిలో వాకింగ్ చేస్తూ బాలు ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగి మరీ వెళ్లే మనిషి. ఆ ఇంటిని బాలు 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేసిన సంగతి ఇప్పటికి మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పెళ్లిళ్లకి, ఉత్సవాలకి సౌండు బాక్సులు అద్దెకిచ్చే బావ రెండు పెద్ద బాక్సులు ఆటోలో వేసుకుని దిగాడు. బాబాయి తన రొయ్యల గుంటల దగ్గర్నుంచి అప్పుడే వచ్చి, రెండు రాత్రుల నిద్ర కళ్లలో పెట్టుకుని, కొడుకు బాధపడతాడని కుర్చీలో కూలబడ్డాడు.

లైట్లన్నీ ఆర్పేశాడు మావాడు. చీకట్లో వింటేనే చెవి తెరుచుకుంటుందట.

మొదటి ముక్క మొదలైంది. గరగరమని ఏదో తిరుగుతోంది, మధ్యమధ్యలో కీచుమంటోంది. పావు నిమిషం కాలేదు, పిన్ని లేచి నిలబడింది. "ఇది మన గ్రైండరే! బేరింగు పోయింది, మార్పించమని సంకురాత్రి నుంచి మీ నాయన్ని అడగతా ఉండా. విన్నారా అందరూ? ఇప్పుడేమంటారు?" ఆ ముక్క పిన్నికి ఎంత నచ్చిందంటే మళ్లీ పెట్టమంది. సాక్ష్యం కదా.

శబ్దాన్ని సంగీతం చేయడం కొత్తేమీ కాదని, 1948లోనే పారిస్‌లో పియర్ షాఫర్ అనే ఆయన రైలు శబ్దాలు రికార్డు చేసి, వాటినే కలిపి రేడియోలో వినిపించాడని మావాడు చీకట్లోంచే వివరించాడు. "రైలు కూత కోసం పారిస్ దాకా ఎందుకురా, పడుగుపాడు స్టేషన్లో నిలబడితే సరిపాయె" అన్నాడు పెదనాన్న. ఆయన బాధ వేరే. ఎక్కడ శబ్దం కాస్త తగ్గినా "ఆఁ, ఇప్పుడొస్తుంది పల్లవి" అని సర్దుకుని కూర్చుంటాడు, అది రాదు, మళ్లీ వెనక్కి వాలతాడు.

రెండో ముక్క గురించి నిజం చెప్పేస్తాను, భరించలేకపోయాను. ఒకటే స్వరం, బొంయ్‌మని, పదకొండు నిమిషాలు. బావ మాత్రం చెయ్యి పైకెత్తి "ఆహా" అన్నాడు. బాక్సులు కొనడానికి వచ్చేవాళ్లకి బేస్ వినిపించాలంటే ఇంతకంటే మంచి సరుకు దొరకదట, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమన్నాడు. మావాడి మొహం చీకట్లో కనపడలేదు గానీ ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు.

ఇక మూడోది. ఇది నిజంగా బాగుంది, తమ్ముడని అనడం లేదు. మొదట నీళ్ల చప్పుడు, దాని మీద చక్రం తిరుగుతున్న లయ, దాని వెనక ఇంకో చక్రం కొంచెం ఆలస్యంగా. అర నిమిషానికి అర్థమైంది, అవి రొయ్యల గుంటలో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్లు. బాబాయి గుంటలవే. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, కాలవ పక్కన. రాత్రిపూట గట్టు మీద మైకు పెట్టి తీశాడట. ఆ చప్పుడు మొదలవగానే బాబాయి కుర్చీలోనే గురక పెట్టాడు. వనామీ రొయ్య వచ్చినప్పట్నుంచీ ఆయన ఆ చప్పుడులోనే పడుకుంటున్నాడు, ఇంట్లో మంచం మీద పడుకుంటేనే నిద్ర పట్టదు. పగలంటే నీళ్లలో పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రైతే ఆ పాచే తిరిగి ఆక్సిజన్ తాగేస్తుంది, కాబట్టి తెల్లారేదాకా ఏరియేటర్ తిరగాల్సిందే. అది ఆగిందంటే రొయ్య పైకి తేలుతుంది, గంటల్లో పంట పోతుంది. ఆల్బమ్‌లకి రివ్యూలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, ఒక శబ్దాన్ని నిద్రలో కూడా అంత శ్రద్ధగా వినేవాళ్లు మా గుంటల మీదే దొరుకుతారు.

అయితే ఆ ముక్కలో ఆరో నిమిషం దగ్గర కరెంటు పోతుంది. మావాడు రికార్డు చేస్తున్న రాత్రి నిజంగానే పోయిందట, దాన్ని అలాగే ఉంచాడు. చక్రాలు నెమ్మదించి, నెమ్మదించి, ఆగాయి. నిశ్శబ్దం. దూరంగా ఒక కప్ప.

"జనరేటరెయ్యండ్రా!"

బాబాయి కళ్లు తెరిచాడు. ఇల్లంతా చీకటి, ఏరియేటర్ చప్పుడు లేదు. ఆయనకి ఇంకేం సాక్ష్యం కావాలి? మేం నోరు తెరిచేలోపు కుర్చీ తన్నేసి, లుంగీ ఒక చేత్తో పట్టుకుని, ఎవరిదో ఆడవాళ్ల చెప్పు ఒకటి, తన చెప్పు ఒకటి వేసుకుని బండెక్కేశాడు. పోతూ పోతూ రొయ్యల రైతుల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు, గుంటలకి కరెంటొచ్చే ఫీడర్ లైను పోయింది, అందరూ జనరేటర్లు వేసుకోండని.

గ్రూపులోవాళ్లు కాపలా కుర్రాళ్లకి ఫోన్లు కొట్టారు. "కరెంటు ఉండాది సామీ, తిరగతానే ఉండాయి" అని వాళ్లు చెప్పారు. ఎవరు వింటారు? ఒక ఫేజు పోయుంటుంది, మోటార్లు కాలిపోతాయి, ముందు జనరేటర్ మీదికి మార్చెయ్ అన్నారు. అంతే, కాలవ పొడుగునా ఒక్కొక్క జనరేటరే దడదడమని లేస్తోంది. బాబాయి దారిలోంచే లైన్‌మన్‌కి ఫోన్ చేశాడు. ఆయన సబ్‌స్టేషన్‌కి కనుక్కుని చెప్పాడు: "ఫీడర్ బ్రహ్మాండంగా ఉంది, లోడే ఒక్కసారిగా పడిపోయిందంట. మీరంతా కలిసి ఏం చేస్తా ఉండారు సామీ?"

"కరెంటుంటే ఏరియేటర్లు యాడికి పోయినాయి?"

"నన్నడిగితే?"

ఈ గోలంతా జరుగుతుంటే మావాడు ఏం చేస్తున్నాడనుకున్నారు? మిద్దెక్కి, పిట్టగోడ మీద మైకు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న జనరేటర్లని రికార్డు చేస్తున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఒక మనిషి తన సంగీతం విని పరిగెత్తాడట, అంతకంటే ఏం కావాలట.

బాబాయి తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. కోపంగా ఉన్నాడు, అది సహజం. మావాడు ధైర్యం చేసి, 1952లో అమెరికాలో డేవిడ్ ట్యూడర్ అనే ఆయన పియానో ముందు కూర్చుని 4 నిమిషాల 33 సెకన్లు ఏమీ వాయించలేదని, జాన్ కేజ్ రాసిన ఆ రచనలో నిశ్శబ్దమే అసలు సంగతని, ఈ ముక్కకి కూడా ప్రాణం అక్కడే ఉందని చెప్పుకొచ్చాడు. బాబాయి అంతా విన్నాడు.

"ఆయన వాయించకపోతే ఎన్ని రొయ్యలు చచ్చినాయి నాయనా?"

దానికి మావాడి దగ్గర జవాబు లేదు. పెదనాన్న మాత్రం, ఆల్బమ్ మొత్తంలో పల్లవి లాంటిది ఏదైనా ఉందంటే అది మీ నాయన అరిచిన అరుపేరా, రికార్డయిందా అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే అభిప్రాయాలు మొదలయ్యాయి. గుంటల వాళ్లలో సగం మంది డీజిల్ డబ్బులు ఎవరిస్తారన్నారు. ఒకాయన మాత్రం పక్కకి పిలిచి, హైదరాబాద్‌లో కూతురి ఫ్లాటులో తనకి నిద్ర పట్టడం లేదని, ఆ ఏరియేటర్ పాట ఫోన్లో వేసిస్తే డబ్బులిస్తానని, కరెంటు పోయే ముక్క ఒక్కటి తీసెయ్యమని అడిగాడు. తీయనన్నాడు మావాడు. కొనడానికి వచ్చిన మొదటి మనిషిని అలా పంపేశాడు. పిన్ని నెత్తి కొట్టుకుంది.

మొన్న వాళ్లింటికి వెళ్తే గుంట ఖర్చుల పుస్తకం బల్ల మీద ఉంది. మేత, మినరల్స్, కూలీలు, వరసగా బాబాయి రాసుకున్నాడు. ఆ శనివారం తేదీకి ఎదురుగా డీజిల్ అని రాసి, పక్కన ఒక చుక్క పెట్టాడు.